పాతది చేతబట్టుకొని వెళ్ళండి

మొన్నటి వానలో మా మారుతి 800 ముందు ఎడమ తలుపు అద్దం జారిపోయింది. ఆ ప్రక్కన కూర్చున్న మా అమ్మగారు తడిసి, నాలుగు రోజులు జ్వరపడ్డారు. రెగ్యులేటరు పళ్ళు అరిగాయట.

చెన్నై పుదుపేటలో పాత సామాన్ల అంగడికి వెళ్ళి, నోటిమాట నమ్మి ఒకటి కొన్నాము. తీరా అది కుడి తలుపుది! డబ్బు తిరిగి రాలేదు.

పాఠకులకు మా మనవి: ఈ కారు పైరూపు 1986లో మారింది, మీ బండి ఏ సంవత్సరానిదో ముందు చెప్పండి. విప్పిన పాతదానిని ప్రక్కన పెట్టి, మరలు బిగించే రంధ్రాలు సరిచూడండి. హ్యాండిలు తగిలించి చివరంటా త్రిప్పండి. పళ్ళు జారినా, పట్టినా వద్దనండి. కుదరకుంటే మార్చి ఇస్తామని చీటీమీద వ్రాయించుకోండి.

రెండవమారు మేమలాగే చేశాము. ఇప్పుడు వాన చినుకు పడితే అమ్మగారే అద్దం ఎత్తుకొంటున్నారు.