రెండూ ఒకటేనా?

మన హాస్టల్లోని అల్మారా, ఇస్త్రీ, గోడ కట్టిన మేస్త్రీ – ఈ మాటలన్నీ పోర్చుగీసు వాళ్లతో పాటు ఓడల్లో వచ్చినవే. మన సర్టిఫికెట్ల మీద ఉండే 'కాస్ట్' అనే ఇంగ్లీషు మాట కూడా వాళ్ల 'కాస్తా' నుంచి పుట్టిందే. వాళ్ల భాషలో దానికి వంశం, రకం అని అర్థం. ద్రాక్ష రకాలను కూడా ఆ మాటతోనే పిలుస్తారు. మన దగ్గర వర్ణం వేరు, కులం వేరు. ఆ రెంటినీ ఒకే సంచిలో కట్టేశారు.

అందుకే, దగ్గరి అర్థాలున్న రెండు మాటలు కనబడగానే "ఆఁ, రెండూ ఒకటేలే" అనేయడం మాకు నచ్చదు.

పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ సంగతే చూడండి. అక్కడ నలుపుకు రెండు మాటలున్నాయి: 'ప్రెతో', 'నెగ్రో'. నిఘంటువులో రెంటికీ నలుపే అర్థం. కానీ పాలు పోయని కాఫీ 'ప్రెతో' గానీ 'నెగ్రో' కాదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం ఇంకా మారుతుంది. జనగణనలో తన రంగు చెప్పుకోవడానికి ఉన్న మాట 'ప్రెతో'. మిశ్రమ వర్ణం వారికి 'పార్దో'. 'నెగ్రో' అనే గడే అక్కడ లేదు. 2010 నాటి జాతి సమానత్వ చట్టం ప్రకారం ఈ రెండు గడుల వాళ్లూ కలిస్తేనే నెగ్రో జనాభా. 2022 లెక్కల్లో ప్రెతోలు 10.2 శాతం, పార్దోలు 45.3 శాతం. అంటే రెండు మాటలనూ 'నల్లవారు' అని తెలుగు చేసేస్తే, దేశంలో సగానికి పైగా ఉన్నవాళ్లు పదోవంతు అయిపోతారు! 2012 చట్టంతో అక్కడి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో సీట్ల కోటా వచ్చింది. దాని వాటా లెక్క కట్టేది ఈ గడులతోనే. రిజర్వేషన్ మీద చదువుకుంటున్న మనకు ఇది వేరే చెప్పాలా?

ఇంగ్లీషులో 'నీగ్రో' అనడం ఈరోజు తప్పు. బ్రెజిల్లో 1978లో మొదలైన ఉద్యమం మాత్రం 'నెగ్రో' అనే మాటను తన పేరులోనే తలెత్తుకుని పెట్టుకుంది. పోర్చుగల్‌లోనైతే మనిషిని 'ప్రెతో' అంటే తిట్టినట్టే. మాట ఒక్కటే, ఊరు మారింది. మన పెద్దన్నల రోజుల్లో ఈ హాస్టళ్లను 'హరిజన హాస్టల్' అనేవారు. 1985లో కారంచేడు తర్వాత ఏర్పడిన సంఘం మాత్రం దళిత మహాసభ అని పేరు పెట్టుకుంది. ఆ రెండు పేర్లూ ఒకటేనని మనలో ఎవరైనా అంటారా?

ఇంకో జత ఉంది. బానిసను పోర్చుగీసులో 'ఎస్క్రావో' అంటారు. బ్రెజిల్లో ఇప్పుడు చాలామంది చరిత్ర రాసేటప్పుడు 'ఎస్క్రావిజాదో', అంటే 'బానిసగా చేయబడినవాడు' అంటున్నారు. 1888 దాకా బానిసత్వం సాగిన దేశం అది. మొదటి మాట వింటే వాడు పుట్టుకతోనే అంత అనిపిస్తుంది. రెండో మాటలో చేసినవాడు కూడా కనబడతాడు. మాటలు మారిస్తే కడుపు నిండుతుందా అని అడిగేవాళ్లున్నారు. నిండదు, నిజమే. అయితే 'దళిత' అన్న మాట కూడా అలాంటిదే కదా! నలగ్గొట్టబడినవాడు అంటే నలగ్గొట్టినవాడు ఒకడున్నాడనేగా?

ఇంగ్లీషైనా మరో భాషైనా నేర్చుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మా సూచన ఒక్కటే. నోట్సులో మాటకు, అర్థానికి రెండు గడులు గీస్తున్నారు కదా, మూడోది కూడా గీయండి: ఈ మాట ఎవరు, ఎవరిని అంటారు? పరీక్షలో దానికి మార్కులు రావు లెండి.