మా బడిలో కులం లేదట

2024 నవంబర్ 6న రాష్ట్రంలో ఇంటింటి కుల సర్వే మొదలైంది. ప్రైమరీ స్కూళ్లను ఒంటిపూట చేసి మరీ ఎస్జీటీలను వీధుల్లోకి పంపిండ్రు. గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్ల లైన్లలో నేనూ తిరిగిన. ఇంటికి 75 ప్రశ్నలు. కులమడగడానికి నోరు తడబడలేదు. లెక్క కూడా వచ్చింది: ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. క్లాసుకు తిరిగొచ్చి అదే నోటితో "మనందరం ఒక్కటే, మన బడిలో కులం లేదు" అన్నం.

ఈ మాట నాకు చిన్నప్పటి నుంచే అలవాటు. మా బాపు కోల్ ఫిల్లర్. "బాయిల దిగినంక అందరం నల్లగనే ఉంటం, ఇంక కులమెక్కడిది" అనేటోడు. పైకొచ్చి ఒళ్లు కడుక్కున్నంక ఎవరింట్ల ఎవరు చాయ్ తాగుతరో ఆయనకూ ఎరుకే. చెప్పలే, అంతే.

మా బడిలోకి కులం ఫారాల రూపంలో వస్తది. నాలుగో తరగతిలో గురుకులం దరఖాస్తులు నింపేటప్పుడు "ఎస్సీలు ఈ దిక్కు, బీసీలు ఆ దిక్కు నిలబడండ్రి" అంటం. ఎవరో కాదు, చాలా ఏండ్లు నేనే అన్న. ఒకసారి ఓ పిల్ల రెండు వరుసల నడుమ ఆగిపోయింది. "మేమేందో మా అమ్మనడిగి చెప్త సార్" అన్నది. క్లాసంతా నవ్వింది. మరునాడు ఆమెకు తెలిసింది, అందరికీ తెలిసింది. ఆ వారంలోనే మధ్యాహ్న భోజనం బంతిల ఆమె పక్కన కూర్చునేటోళ్లు మారిండ్రు. అది ఏ రిజిస్టర్లకూ ఎక్కలే.

కులం గురించి పాఠం చెప్తే పిల్లల మనసులు పాడైతయట! దళిత పిల్లకు అది ఎప్పుడో తెలుసు. తెలియనట్టు ఉండగలిగేది మిగతావాళ్లే. భాగ్యరెడ్డి వర్మ 1910లోనే హైదరాబాద్‌లో దళిత పిల్లలకు బడి పెట్టిండు. టీచర్ ట్రైనింగ్‌లో నాకు ఆయన పేరు ఎవరూ చెప్పలే. మేం మాత్రం పిల్లలకు ఏం చెప్తున్నం? ఏప్రిల్ 14న అంబేద్కర్ ఫొటోకు దండేస్తం, బిస్కెట్లు పంచుతం.

2016 అక్టోబర్‌లో అమెరికాలోని సియాటిల్‌లో టీచర్లు వేలమంది, నల్లవాళ్ల ప్రాణాలకు విలువుందని రాసిన చొక్కాలు తొడుక్కుని బడికి పోయిండ్రు. అదే ఏడు జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నడు. మా స్టాఫ్‌రూంలో "పిల్లల ముంగట రాజకీయాలెందుకు" అన్నరు. నేనూ తలూపిన. 2021 నుంచి అమెరికాలో కొన్ని రాష్ట్రాలు జాతి వివక్ష పాఠాలకు అడ్డంగా చట్టాలు చేసినయి. మన దగ్గర చట్టం దాకా ఎందుకు, మేమే మూసుకున్నం.

పీఆర్సీకి, డీఏకు, బదిలీలకు మేం ధర్నాలు చేస్తం. చెయ్యాల్సిందే. కానీ ఇన్నేండ్లలో ఆ భోజనం బంతి మీద మా సంఘం ఒక్క తీర్మానం చేసినట్టు నాకు గుర్తు లేదు.

ఈసారి ఫారాలు క్లాసుల నింపలే. సాయంత్రాలు తల్లిదండ్రులను పిలిచి ఒక్కొక్కరితో కూర్చుని నింపిన. నాలుగు రోజులు పట్టింది. "గంటల అయ్యే పనికి ఇంత లొల్లేంది సార్" అన్నడు తోటి టీచరు. ఈ సంగతి ఎజెండాలో పెట్టమని సంఘానికి కాయితం రాసిచ్చిన. రెండు మీటింగులైనయి. ఇంకా పెట్టలే.