చీనా చెక్కడములు చెప్పు హితవు

గబ్బిలము ఇల్లు సొచ్చిన నశుభమని మన పెద్దలలో ననేకులు తలంతురు. చీనాదేశీయు లన్ననో, ఆ గబ్బిలమునే ద్వారముల మీదను, కిటికీ పలకల మీదను కోరి చెక్కించుకొనిరి. ఇందలి మర్మము వారి భాషలో నున్నది. చీనాభాషలో గబ్బిలమును ‘ఫూ’ యందురు. భాగ్యమునకును ‘ఫూ’ యనియే పేరు. లిపి వేఱు, పలుకొక్కటి. అట్లే జింకయు, ఉద్యోగజీతమును ‘లూ’. చేపయు, సమృద్ధియు ‘యూ’. కూజాయు, శాంతియు ‘పింగ్’. కావున అక్షరము లెఱుగని వాడును ఆ కొయ్యపలకను జూచి ఆశీర్వచనమును చదువుకొనగలిగెను.

ఇది వట్టి మూఢవిశ్వాసమని కొందఱనవచ్చును. మే మట్లు తలంపము. అయిదు గబ్బిలములను కలిపి చెక్కిన నవి అయిదు భాగ్యములకు గుర్తులు. వానిని షూ జింగ్ అను ప్రాచీన గ్రంథము లెక్కించినది: దీర్ఘాయువు, ఐశ్వర్యము, ఆరోగ్యము, సద్గుణప్రీతి, నిండు జీవితము పిదప ప్రశాంతమరణము. ధనముతోబాటు సద్గుణమును గూడ భాగ్యమని యెంచిన ఆ కోరిక తెలివిలేని కోరిక యగునా?

అయినను చెక్కినదెల్ల మెచ్చదగినది కాదు. గింజలు నిండిన దానిమ్మపండు బహుసంతానమునకు చిహ్నము. సంతానమన్న వారు ముఖ్యముగా పుత్రులనే తలచిరి. ఆడుబిడ్డను మఱచిన ఆశీర్వాదము సగము ఆశీర్వాదమే యని మా యభిప్రాయము.

మఱియొక చిహ్నము విద్యార్థులకు తగినది. పసుపునదిలో డ్రాగన్ ద్వారమను చోట ప్రవాహమున కెదురీది పైకి దుమికిన చేప డ్రాగన్ అగునని వారి గాథ. పరీక్షలో గెలుపొందుటకు అది గుర్తు. గ్వాంగ్‌జౌ నగరమున చెన్ వంశమువారు, పరీక్షలకు వచ్చు తమ యువకుల బసకొఱకు, కొయ్య, రాతి, ఇటుక చెక్కడములతో గొప్ప భవనమును 1894లో ముగించిరి. 1905లో ఆ రాజ్యపరీక్షలే రద్దయ్యెను! భవనము నేడు జానపద కళల ప్రదర్శనశాలగా నిలిచియున్నది. పరీక్షలు పోవును, పదవులు పోవును. శ్రద్ధతో చేసిన పని నిలుచును. ఆ చేపయు ఎవరో యెత్తిపట్టగా గట్టెక్కినది కాదు, తానే యెదురీదినది.

1966లో మొదలైన సాంస్కృతిక విప్లవకాలమున, పాతదెల్ల చెడ్డదను నుద్రేకముతో, హ్వీజౌ ప్రాంతపు ఇండ్లలోని కొయ్యబొమ్మల ముఖములను పెక్కింటిని నఱకివేసిరి. నఱికినవారు ఆ బొమ్మల భాషను ఓపికతో చదువలేదు. చదివి యుండినచో, విడువదగిన దానిని విడిచి, నిలుపదగిన దానిని నిలిపి యుందురు.

బాలబాలికలారా! ఇతరుల యింటి గుర్తులను జూచి నవ్వుటకు ముందు వాని యర్థ మడుగుడు. మీ యింటి గడపమీది చెక్కడమును గూర్చియు మీ తాతలను, అవ్వలను అడుగుడు. తెలిసిన పిమ్మట మెచ్చుట గాని, కాదనుట గాని న్యాయము. తెలియక చేసిన తీర్పు తీర్పు కాదు.