జవాను మూట తేలిక కావాలంటే...

ట్రాన్సిస్టరు రేడియోలు ఇంటింటా మోగిన రోజుల్లో, రాత్రివేళ చేనుకు నీళ్ళు కట్టడానికి వెళ్ళే రైతు చేతిలో మూడు సెల్లుల లైటు ఉండేది. లైటు ఆరిపోతే రైతు దిగులుపడేవాడు కాదు. ఇంట్లో రేడియోలోని పెద్ద సెల్లులు తీసి లైటులో వేసుకునేవాడు. ఏ ఊరి కిరాణా కొట్టులో అడిగినా, ఏ కంపెనీ సెల్లు తెచ్చినా అందులో సరిపోయేది. ఆ సౌకర్యం దానంతట అదే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధపు రోజుల్లోనే అమెరికాలో ప్రభుత్వ సంస్థలు, తయారీదారులు కలిసి కూర్చుని సెల్లుల కొలతలు ఖాయం చేయనారంభించారు. తర్వాత ప్రపంచమంతా ఆ దారినే నడిచింది.

లైటు పట్టుకున్న రైతుకు దక్కిన ఈ సౌకర్యం తుపాకి పట్టుకున్న జవానుకు అన్ని వేళలా దక్కడం లేదు. ఇది శోచనీయం.

నేటి జవాను వద్ద తుపాకి ఒక్కటే ఉండదు. మాట్లాడుకోవడానికి వైర్‌లెస్ సెట్టు, చీకట్లో చూడడానికి దుర్బిణీ, దూరం కొలవడానికి లేజరు యంత్రం, దారి తెలుసుకోవడానికి ఉపగ్రహ సంకేతాలందుకునే పరికరం ఉంటాయి. ఇవన్నీ బ్యాటరీ లేనిదే పనిచేయవు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క కంపెనీ రూపొందించినది కావడంతో, ఏ గూటి చిలకకు ఆ గూటి పలుకే అన్నట్లు ఏ యంత్రానికి ఆ బ్యాటరీయే కావలసి వస్తుంది. ఛార్జర్లూ అంతే. అఫ్గానిస్థాన్‌లో మూడు రోజుల గస్తీకి బయలుదేరే అమెరికా సైనికుడు ఒక్క బ్యాటరీల రూపంలోనే ఏడు కిలోలకు తగ్గని బరువు మోసేవాడు. ఒక యంత్రంలో సగం మిగిలిన బ్యాటరీ పక్క యంత్రానికి పనికిరాకపోతే, ఆ మిగిలిన సగమూ వృథా బరువే. ఎముకలు కొరికే చలిలో బ్యాటరీ శక్తి మరింత తగ్గుతుంది. సియాచిన్ వంటి చోట ప్రతి బ్యాటరీని కొండ మీదికి చేర్చడమే ఒక యజ్ఞం.

అందుకే సైన్యం వాడే ఎలక్ట్రానిక్ పరికరాలన్నిటికీ కలిపి కొద్ది రకాల ఉమ్మడి బ్యాటరీలనే ఖాయం చేయాలన్న వాదం బలపడింది. దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు లేకపోలేదు. ఒకే కొలతకు కట్టుబడితే కొత్త ఆవిష్కరణలకు తలుపులు మూసినట్లవుతుందని కొందరి భయం. అనుభవం ఇందుకు విరుద్ధంగా ఉంది. అమెరికా సైన్యం వైర్‌లెస్ సెట్లలో వాడే బీఏ-5590 అనే బ్యాటరీ బరువు సుమారు ఒక కిలో. అదే పెట్టె కొలతలో, రసాయనం మార్చి, ఎక్కువసేపు నిలిచే బీఏ-5390 వచ్చింది. మళ్ళీ మళ్ళీ ఛార్జింగ్ చేసుకోదగిన బీబీ-2590 కూడా అదే కొలతలో వచ్చింది. యంత్రాలను మార్చవలసిన పని లేకపోయింది. ఖాయం చేయవలసినది పెట్టె కొలత, ప్లగ్గు, వోల్టేజి మాత్రమే. లోపలి సరుకును ఎంతగానైనా మెరుగుపరచుకోవచ్చు.

అయితే కొలత ఒకటైతే చాలదని కూడా ఆ దేశమే పాఠం నేర్పింది. బీఏ-5590 సుమారు 60 రకాల పరికరాలకు ఆధారం. 2001 సెప్టెంబరుకు ముందు నెలకు 20 వేల లోపు ఉన్న దాని అవసరం, 2003 ఇరాక్ యుద్ధంలో 3 లక్షలు దాటింది. తయారీ అంత వేగంగా పెరగలేదు. నిల్వలు అడుగంటాయి. యుద్ధం అదే తీరున మరికొంత కాలం సాగి ఉంటే వైర్‌లెస్ సెట్లు మూగబోయే ప్రమాదం ఉండేదని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2005లో తేల్చి చెప్పింది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే నీరు పడుతుందా? కొలత ఒక్కటి కావాలి, తయారుచేసే ఫ్యాక్టరీలు మాత్రం అనేకం కావాలి. శాంతి కాలంలోనే నిల్వలు ఉండాలి.

ఈ సంగతి ఢిల్లీ పెద్దలకే సంబంధించినదని కృష్ణా జిల్లా వాసులు భావించనక్కరలేదు. చీకట్లో చూపునిచ్చే సైనిక దుర్బిణీలు మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి. నిమ్మలూరులో అదే సంస్థ నెలకొల్పిన కొత్త ఫ్యాక్టరీని 2025 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. పొరుగున పశ్చిమ గోదావరిలోని మాధవరానికి మిలిటరీ మాధవరమనే పేరు ఊరికే రాలేదు. అటువంటి ఊళ్ళ బిడ్డలు సరిహద్దులో కాపలా కాస్తున్నారు. దుర్బిణీ ఎంత గొప్పదైనా, బ్యాటరీ అయిపోతే అది కంటికి అడ్డం పెట్టుకున్న గొట్టమే.

రక్షణ ఉత్పత్తుల శాఖలో ప్రమాణీకరణకు ప్రత్యేకంగా ఒక డైరెక్టరేటు ఉంది. సైన్యంలో సరుకుల రకాలు అనవసరంగా పెరగకుండా చూడడం దాని విధి. ఇక ముందు కొనే ప్రతి పరికరమూ నిర్ణీత కొలతల బ్యాటరీతోనే పనిచేయాలని టెండరు కాగితంలోనే షరతు పెట్టాలి. తప్పనిసరై వేరు బ్యాటరీ వాడదలచిన కంపెనీ అందుకు కారణం చూపాలి. ఒక్కో కొలతను కనీసం ఇద్దరు ముగ్గురు తయారీదారులు దేశంలోనే అందించగలగాలి. పాత యంత్రాలను ఒక్కరోజులో మార్చలేకపోవచ్చు. కొత్తవి కొనేటప్పుడైనా పాత పొరపాటు చేయకుండా ఉండవచ్చు.

సెల్‌ఫోను ఛార్జర్ల గందరగోళం భరించలేక యూరప్ దేశాలు 2024 డిసెంబరు నుంచి కొత్త ఫోనులకు ఒకే రకం ఛార్జింగ్ పిన్ను తప్పనిసరి చేశాయి. ఇంట్లో కూర్చుని ఫోనులో మాట్లాడేవారి కోసం చేయగలిగిన పని, మంచుకొండ మీద నిలబడి దేశాన్ని కాచేవారి కోసం చేయలేమనడం న్యాయం కాదు. ప్రభుత్వం తక్షణం ఈ దిశగా దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది.