చంద్రముఖమూ, చిటికెడు ఉప్పూ

కావ్యాలలో ముఖం చంద్రబింబంలా ఉందంటే పొగడ్త. వైద్యులు అదే మాట అంటే హెచ్చరిక. స్టెరాయిడు మాత్రలు కొంతకాలం వాడినవారికి బుగ్గలు ఉబ్బి మొహం గుండ్రబడుతుంది. దానిని వారు చంద్రముఖమనే అంటారు. కవికీ, డాక్టరుకీ దొరికిన పోలిక ఒక్కటే గాని అర్థం మాత్రం ఆమడ దూరం!

మిర్యాలగూడలో ఉండే మా చిన్నమ్మ నిరుడు ఇట్లాగే నిండుగా కనిపించింది. చుట్టాలంతా "ఒళ్లు చేసినవు, బాగున్నవు" అని మురిసిపోయారు. తీరా చూస్తే రక్తపుపోటు 170/100.

"మోకాళ్లకు చిన్న తెల్ల మాత్ర వేసుకుంటున్న బిడ్డా. కాళ్లు పూలల్లే తేలుతున్నయి" అన్నది. మాత్ర పేరు తెలియదు, చీటీ లేదు. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారట. సూర్యాపేటలో డాక్టరుగారు మొట్టమొదట అడిగింది ఆ పేరే. మనిషిని పంపి రాయించుకు వస్తే అది ప్రెడ్నిసొలోన్ అని తేలింది.

స్టెరాయిడు విషమేమీ కాదు సుమండీ. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్లవాతంతో కదలలేని రోగికి కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజులకే లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది అందుకే. 2020లో కోవిడ్‌తో ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఎందరి ప్రాణాలనో నిలబెట్టిన డెక్సామెథసోన్ కూడా ఈ జాతిదే. చిక్కల్లా పేరు తెలియకుండా, లెక్క లేకుండా మింగటంలోనే.

ఈ మందు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవ చేస్తుంది, రక్తనాళాలను బిగిస్తుంది. పోటు పెరగక ఏమవుతుంది? ఆ పైన చక్కెర పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. దీనితోపాటు నొప్పి మాత్రలు కూడా మింగితే కడుపులో పుండ్లు పడే ప్రమాదం హెచ్చు. ఆ నొప్పి మాత్రలలో చాలా వాటికి పోటును పెంచే గుణం కూడా ఉంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఆ చెంచాను ఒక్క పూటలోనే ఖాళీ చేస్తాయి.

సంగతి విని చిన్నమ్మ "అయితే రేపటి నుంచే బంద్ చేస్త" అన్నది. డాక్టరుగారు ఉలిక్కిపడ్డారు. మాత్ర నెలల తరబడి బయటినుంచి వస్తుంటే మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు పని మాని నిద్రపోతాయి. ఉన్నట్టుండి ఆపితే పోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ఆయన మోతాదును మెల్లమెల్లగా తగ్గించి, పోటుకు ఆమ్లోడిపిన్ రాశారు. కొన్నాళ్లకు పాదాలు వాచాయి. వాపు స్టెరాయిడు వల్లా రావచ్చు, ఆమ్లోడిపిన్ వల్లా రావచ్చు. ఏది మార్చాలో తేల్చవలసింది వైద్యుడే గాని ఇరుగమ్మ, పొరుగమ్మ కాదు. ఇప్పుడు ఆమె పోటు 130/80. మోకాళ్లు మళ్లీ నొస్తున్నాయి, అదీ నిజమే. ఆ నొప్పికి వేరే వైద్యం జరుగుతున్నది.

ఇది విని కోదాడలోని మా బావమరిది, ఉబ్బసానికి తాను పీల్చే మందు కూడా స్టెరాయిడేనని దాన్ని మానబోయాడు. అది పొరపాటు. పీల్చే మందు మోతాదు స్వల్పం, దాని పని ముఖ్యంగా ఊపిరితిత్తుల్లోనే. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మితే చాలు. మానితే ఆయాసం తిరగబడుతుంది.

కాబట్టి ఇంట్లో ఎవరైనా స్టెరాయిడు వాడుతుంటే ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ రాయండి. మాత్ర డాక్టరు చెప్పిన వేళకే, సాధారణంగా ఉదయం, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. పోటు చూసుకునే ముందు 5 నిమిషాలు వీపు ఆనించి కదలక కూర్చోండి. అరగంట ముందు కాఫీ వద్దు. అంకెలు ఇంట్లో పదేపదే 135/85 దాటుతుంటే బుక్కు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పొట్లంలో మాత్ర ఇచ్చేవారిని మాత్రం "దీని పేరేమిటండీ?" అని అడగండి. చెప్పకపోతే పొట్లం అక్కడే వదిలేసి రండి.