తెరలు పది... ప్రింటరు ఒక్కటి!

గదిలో పది మానిటర్లు, పది కీబోర్డులు, పది మౌస్‌లు. అసలు కంప్యూటరు మాత్రం ఒకటే! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008లో 5,000 ఉన్నత పాఠశాలలకు ఇలాంటి ఏర్పాటునే ఎంచుకుంది. ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా కంపెనీ చిన్న డబ్బాలతో ఒక్కో పీసీని పలువురు పిల్లలు పంచుకున్నారు. సుమారు 18 లక్షల మంది విద్యార్థులకు కంప్యూటర్ అందుబాటులోకి తేవాలన్నది లక్ష్యం.

సొంతంగా పెద్దగా పనిచేయకుండా, సర్వర్ చేసిన పనిని తెర మీద చూపించే ఇలాంటి యంత్రాలనే థిన్ క్లయింట్లు అంటారు. ఖర్చు తక్కువ, కరెంటు తక్కువ. చిక్కు వచ్చేది ప్రింటు దగ్గరే. కోసిగి ప్రాంతం నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు పత్తి, మిరప పనులకు గుంటూరు వైపు వలస వెళతాయి. బయల్దేరే రోజు పిల్లల స్టడీ సర్టిఫికెట్ అడిగితే 'ప్రింటరు పనిచేయడం లేదు, రేపు రండి' అంటే ఎలా? రేపటికి వాళ్లు ఊళ్లోనే ఉండరు.

డ్రైవరు ఎక్కడ?

క్లయింటు దగ్గర 'ప్రింట్' నొక్కినా, పేజీ తయారయ్యేది సర్వర్‌లోనే. కాబట్టి డ్రైవరూ తెలుగు ఫాంట్లూ అక్కడ ఒక్కసారి వేస్తే చాలు, పది సీట్లకూ అందుతాయి. అదే సుఖం. అక్కడ తేడా వస్తే పది మందికీ ఆగిపోతుంది. అదే కష్టం. చవక లేజర్ ప్రింటర్లలో కొన్నింటికి లినక్స్ డ్రైవర్లు దొరకవు. సర్వర్ లినక్స్‌ది అయితే కొనేముందే ఈ సంగతి చూసుకోవాలి.

మూడు దారులు

మొదటిది, ప్రింటరును యూఎస్‌బీ తీగతో సర్వర్‌కే తగిలించడం. ఒక్క గది ల్యాబుకు ఇది చాలు.

రెండోది, నెట్‌వర్క్ పోర్టు ఉన్న ప్రింటరును స్విచ్‌కు కలపడం. ఇక్కడ చాలామంది ప్రింటరు ఐపీ అడ్రసును ఆటోమేటిక్‌గా వదిలేస్తారు. కరెంటు పోయి వచ్చాక దానికి కొత్త అడ్రసు రావచ్చు. సర్వర్ మాత్రం పాత ఇంటి తలుపే తడుతూ ఉంటుంది! అందుకే ప్రింటరుకు మారని అడ్రసు ఇవ్వాలి. సర్వర్‌లో ఆ అడ్రసుతోపాటు 9100 అనే పోర్టు నంబరు ఇస్తే చాలా ప్రింటర్లు పలుకుతాయి.

మూడోది, ఆఫీసు గదిలోని క్లయింటుకే ప్రింటరు తగిలించడం. లినక్స్‌లో ఎల్‌టీఎస్‌పీ అయిదో వెర్షన్ వాడితే, సెట్టింగుల ఫైలులో ఆ క్లయింటు పేరు కింద ప్రింటరు వివరం రాయాలి. అప్పుడు ఆ క్లయింటే నెట్‌వర్క్ ప్రింటరులా 9100 పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. సర్వర్‌లోని కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేరుకు క్లయింటు అడ్రసు చెప్పాలి. ఆ అడ్రసు మారకూడదు, క్లయింటు ఆన్‌లో ఉండాలి. విండోస్‌లో అయితే రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగుల్లో ప్రింటర్లకు టిక్ పెట్టాలి. విండోస్ సర్వర్ 2008తో 'ఈజీ ప్రింట్' వచ్చాక ఈ పద్ధతిలో డ్రైవర్ల బెడద చాలావరకు తగ్గింది.

పేర్లు కలవకుండా...

ప్రింటర్లు రెండుంటే 'ల్యాబ్', 'ఆఫీస్' అని వేర్వేరు పేర్లు పెట్టి, ఎవరి లాగిన్‌కు ఏది డిఫాల్టో ముందే తేల్చుకోవాలి. లేదంటే హెడ్మాస్టరు పంపిన మార్కుల జాబితా పిల్లల మధ్య ప్రత్యక్షమవుతుంది! ఒక పని ఇరుక్కుంటే వెనకున్నవన్నీ ఆగుతాయి. ప్రింటు రాలేదని పదిసార్లు నొక్కితే క్యూ పెరుగుతుందే తప్ప లాభం లేదు. సర్వర్‌లో క్యూ తెరిచి, ఇరుక్కున్నదాన్ని తీసేయాలి. ఎలా తీయాలో కనీసం ఇద్దరికి నేర్పాలి. ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో మెకానిక్ వచ్చేదాకా పని ఆగకూడదు కదా!

యూపీఎస్‌తో జాగ్రత్త

లేజర్ ప్రింటరు కాగితం మీద పొడిని వేడితో అంటిస్తుంది. వేడెక్కేటప్పుడు వందల వాట్ల కరెంటు లాగుతుంది. సర్వర్ ఉన్న చిన్న యూపీఎస్‌కే దాన్ని తగిలిస్తే, కరెంటు పోయినప్పుడు ఒక్క ప్రింటుకే యూపీఎస్ చేతులెత్తేయవచ్చు. సర్వర్ ఆగితే పది తెరలూ ఆరిపోతాయి, సేవ్ చేయని పనులన్నీ గోవిందా! ప్రింటరును విడి ప్లగ్గులో పెట్టాలి.

అన్నీ అయ్యాక ప్రతి సీటు నుంచీ ఒత్తులున్న ఒక తెలుగు వాక్యం ప్రింటు తీసి చూడాలి. ప్రింటరు పేరు, అడ్రసు, క్యూ తుడిచే పద్ధతి ఒక కాగితం మీద రాసి, ప్రింటరు పక్కనే గోడకు అంటించాలి. ఏర్పాటు చేసినవారు బదిలీ అయి వెళ్లినా ఆ కాగితం అక్కడే ఉంటుంది.