బందరుకు కొత్త పోర్టు వస్తోంది.. మరి పాత బందరును చూపించేదెవరు?

మచిలీపట్నం పోర్టుకు 2008లో ఒకసారి, 2019లో ఇంకోసారి, 2023లో మరోసారి ముహూర్తం పెట్టారు. ముగ్గురు ముఖ్యమంత్రుల చేతుల మీదుగా జరిగింది. ఈసారి పనులు కదిలాయి. ఓడలెప్పుడొస్తాయి, ఉద్యోగాలెన్ని అన్న చర్చే ఇప్పుడు ఎక్కడ చూసినా. ఈ హడావుడిలో పాత రేవు సంగతి పక్కకు పోతోంది.

ఓడలు రావడం బందరుకు కొత్తేం కాదు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు గ్రంథం 'పెరిప్లస్'లో ఈ తీరం 'మసాలియా'గా కనిపిస్తుంది. ఇక్కడి సన్నని నూలు బట్ట గురించీ అందులో ఉంది. 'బందర్' అంటేనే పారశీకంలో రేవు. గోల్కొండ కుతుబ్‌షాహీలు సముద్ర వ్యాపారం నడిపింది ఇక్కడి నుంచే. మద్నూర్ మీదుగా పోయే 161వ నంబర్ హైవే సంగారెడ్డి దగ్గర 65వ నంబర్ హైవేను అందుకుంటుంది. ఆ హైవేకి చివరి ఊరు బందరే. అంటే మనకూ అంత దూరపు కథేం కాదు.

మరి వెళ్తే ఏం చూడాలి? చూడ్డానికి చాలానే ఉంది, చెప్పేవాళ్లే కావాలి. 17వ శతాబ్దం మొదట్లో డచ్‌వాళ్లు వచ్చారు. 1611లో ఇంగ్లిష్‌వాళ్లు దిగారు. తర్వాత ఫ్రెంచ్‌వాళ్లు. బందరుకోటలో ఇప్పుడు మిగిలింది శిథిలాలే. డచ్ సమాధుల మీద చెక్కిన వంశ చిహ్నాలు నేటికీ కనిపిస్తాయి. సెయింట్ మేరీస్ చర్చి దగ్గరకెళ్తే, ప్రేమించిన అరబెల్లా చనిపోతే ఆమె కోసం జాన్ పేటర్ అనే సైనికాధికారి దీన్ని కట్టించాడని కథ చెబుతారు. టూరిస్టులు ముందుగా అడిగేదీ ఈ కథనే. చిలకలపూడిలో పాండురంగడి గుడి ఉంది. పండరీపురం పోయొచ్చే మద్నూర్ భక్తులకు అది పరాయి గుడిలా అనిపించదు. ఇరాన్ నుంచి వచ్చిన వ్యాపారులూ ఇక్కడ వేళ్లూనుకున్నారు. గోల్కొండలో పెద్ద పదవికెక్కిన మీర్ జుమ్లా ఇక్కడ అధికారం చేసినవాడే. బౌద్ధం కోసం కాస్త దూరంలోని ఘంటసాల స్తూపం దాకా వెళ్లాలి.

ఇవన్నీ ఒక్క నడకలో రావు, అదే చిక్కు. కోట ఒక వైపు, కోనేరు సెంటర్ ఒక వైపు. మధ్యలో ఎండ, ఉక్కపోత. హైదరాబాద్‌లో చార్మినార్ నుంచి చౌమహల్లా దాకా హెరిటేజ్ వాక్ నడవగలిగిందంటే అక్కడ అన్నీ దగ్గర దగ్గరగా ఉండటమే కారణం. విశాఖ పాతబస్తీకీ ఆ సౌకర్యం ఉంది. హార్బర్ పక్కనే మూడు కొండలు.. ఒకదాని మీద గుడి, ఇంకోదాని మీద దర్గా, మూడోదాని మీద చర్చి. బందరులో ఆ పద్ధతి కుదరదు. ఊళ్లో ఒక నడక, కోట దగ్గర ఇంకో నడక పెట్టి, మధ్యలో ఆటో వాడుకోవాల్సిందే. పెడనలో కలంకారీ అద్దకం చూపిస్తే సగం రోజు హాయిగా గడిచిపోతుంది.

ఇంకో మాట కూడా ఉంది. 'అన్ని మతాలూ కలిసి బతికిన ఊరు' అని బోర్డు రాయడం తేలిక. అంతమందిని ఇక్కడికి రప్పించింది వ్యాపారం. ఆ వ్యాపారంలో బట్టలతో పాటు మనుషులూ ఉన్నారు. కోరమాండల్ తీరం నుంచి డచ్‌వాళ్లు బానిసలను ఓడలెక్కించారు. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. రేవుగా బందరు మళ్లీ కోలుకోలేదు. ఇవి చెప్పని గైడు బందరును సగమే చూపించినట్టు. కొత్త పోర్టు కడుతున్న తీరం కూడా ఇదే కాబట్టి ఉప్పెన కథ ఇప్పుడు మరీ అవసరం.

దీనికి కోట్ల రూపాయల ప్రాజెక్టు అక్కర్లేదు. 1843లో మొదలైన నోబుల్ కాలేజీ ఊళ్లోనే ఉంది, కృష్ణా యూనివర్సిటీ ఉంది. చరిత్ర చదివే పిల్లలకు శిక్షణ ఇచ్చి, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లో చెప్పించి, మనిషికి ఇంత అని టికెట్ పెడితే వాళ్లకూ నాలుగు రూపాయలొస్తాయి. చలికాలం పొద్దున్నే అయితే నడవడమూ తేలిక. ఉప్పుగాలికి కోట గోడలు ఏటికేడు రాలుతున్నాయి. వాటి పక్కన నిలబడి చెప్పేవాళ్లు పోర్టులో మొదటి ఓడ ఆగేలోపే కావాలి.